ఉచిత శిక్ష

"చదువు నేర్చిన చిలకమ్మా చెట్టు తప్పిందే,
చెట్టు తప్పిన చిలకమ్మా..."

ఆ తరవాతేమిటో గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నారు పీకుతూ పాడేవాళ్ళం. మాలో ఒక్కరికీ అక్షరమ్ముక్క రాదు. అందుకే ఆ చిలకమ్మని తలుచుకుని పడీ పడీ నవ్వేవాళ్ళం. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఆ చిలకమ్మని నేనే అయ్యాను. నవ్వుకుందురు గాని, వినండి.

మా అల్లుడు దానియేలు ఆటోనగర్లో బోర్డులు రాసేవాడు. షాపుల పేర్లు, లారీల వెనక హంసలూ పువ్వులూ. కుంచె పెడితే అక్షరం ముత్యమే! ఈ ఫ్లెక్సులొచ్చాక పిలిచేవాళ్ళు లేరు. డబ్బాల్లో రంగు గట్టిపడిపోయింది. మనిషీ అంతే. అన్నం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, లేచిపోతాడు.

మా అమ్మాయి సుజాత పేపర్లో చూసింది. బోర్డులు కంప్యూటర్లో తయారుచెయ్యడం గవర్నమెంటు వాళ్ళు ఫ్రీగా నేర్పిస్తారట. "వృత్తి కోర్సమ్మా! ఈ బ్యాచ్ తప్పితే ఆయనకి వయసు దాటిపోతుంది, ఇంక తీసుకోరు" అంది. అతన్ని గడప దాటించడమే కష్టమైంది. నేనూ తోడొస్తానని బయల్దేరదీశాను.

ఆఫీసు ముందు లైను. సగం జరిగాక అతనికి గుర్తొచ్చింది, ఫొటోలు తేలేదని! "అత్తయ్య గారూ, నా చోట్లో నిలబడండి. స్టూడియో పక్కనే. కదలకండేం!" అని పరిగెత్తాడు.

కదలకుండానే ఉందును. కానీ చదివాను.

అరవై దాటాక మా చర్చిలో సాయంత్రం క్లాసులకెళ్ళి నేర్చుకున్నాను అక్షరాలు. ఇప్పుడు సబ్బు కాగితం మీదివి కూడా వదలను. కిటికీ ఊచలకి కట్టిన ఫ్లెక్సు కేసి చూసి కూడబలుక్కున్నాను. ఉ... చి... త. ఉచిత. శి... క్ష. శిక్ష! అమ్మో! శిక్ష నాకు బాగా తెలిసిన మాట, బైబిల్లో ఎన్నిసార్లు చదివానో! ఇంట్లో అందరూ ట్రైనింగన్నారు గాని శిక్ష అని ఎవరన్నారు? అందులోనూ ఉత్తినే వేస్తారట! ఇదేదో పోలీసోళ్ళ లైను, పిల్లాడు చూసుకోకుండా నిలబడ్డాడు పాపం!

ఎవర్నన్నా అడగొచ్చుగా? చదువొచ్చినదాన్ని, అడుగుతానా! పక్క తలుపు మీద బోర్డు చూశాను. మొదట్లో "వృ" అని ఉంది. ఒత్తుల దగ్గర నాకింకా తడబాటే గాని, "వృ" మాత్రం టీచరమ్మ నా చేత పలక నిండా దిద్దించింది. వృత్తి! ఇదే! వెళ్ళి నిలబడ్డాను. అందరూ నా ఈడువాళ్ళే. వీళ్ళ అల్లుళ్ళూ ఫొటోలకెళ్ళారు కాబోలు అనుకున్నాను.

బల్ల దగ్గర మేడమ్ గారు మెత్తగా అడిగారు. "ఎవరూ లేరా అమ్మా?"

"ఉన్నాడండీ, మా అల్లుడు. ఫొటోకెళ్ళాడు. పని పోయి తిండి మానేశాడండీ."

"అందుకని మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడా?"

"అయ్యో, నేనే లాక్కొచ్చానండీ!"

"ఎన్నాళ్ళుంటారమ్మా?"

"కోర్సెన్నాళ్ళయితే అన్నాళ్ళు!"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"వేలిముద్రా? సంతకమే చేస్తాను!" అన్నాను. తీరిగ్గా, గుండ్రంగా, మరియమ్మ అని దిద్దుతున్నాను. ఆఖరి ఒత్తు దగ్గరుండగా దానియేలు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అత్తయ్య గారూ! ఇక్కడేం చేస్తున్నారండీ?"

మేడమ్ గారు లేచి నిలబడ్డారు. "మీరేనా అల్లుడు? సిగ్గు లేదూ? పెద్దావిడ్ని వృద్ధాశ్రమంలో పడేసి ఫొటోలు దిగుతున్నారా?"

వృద్ధాశ్రమం! "వృ" తరవాతది "త్తి" కాదర్రా, "ద్ధా"!

అతను చేతులు జోడించి ఆవిడకి చెప్పుకునేసరికి కాస్త సేపు పట్టింది. మళ్ళీ లైను దగ్గరికి పరిగెత్తాడు. "మీ చోటెక్కడుందండీ ఇంకా? వెనక్కెళ్ళండి!" అన్నారు. వెనక్కెళ్ళాడు. అతని వంతు రాకముందే లోపలాయన "ఈ బ్యాచ్ నిండిపోయిందండీ" అని తలుపేసుకున్నాడు.

అక్షరం రాని మరియమ్మయితే అల్లుడు నిలబెట్టిన చోటే రాయిలా నిలబడేది. చదువొచ్చిన మరియమ్మ అల్లుడి సీటు పోగొట్టి, ఆశ్రమంలో తన సీటు సంపాదించుకుంది!

దానియేలు కిటికీ దగ్గరికెళ్ళి, గాలికి చుట్టుకుపోయిన ఫ్లెక్సు కొస పట్టుకుని విప్పాడు. లోపల్నుంచి "ణ" బయటపడింది.

"శిక్షణ అంటే ఏంటి బాబూ?"

"ట్రైనింగేనండీ."

"తప్పు చదివాను బాబూ" అన్నాను.

అతను పట్టు వదిలేశాడు. కొస మళ్ళీ చుట్టుకుపోయింది.

"లేదండీ అత్తయ్య గారూ, మీరు ఉన్నది ఉన్నట్టే చదివారు. అదే నేను రేకు మీద రాసుంటే, ఆ 'ణ' ఎక్కడికీ పోయేది కాదు."