ఊదింది మా ఉస్తాద్

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున షెడ్డు తాళం తీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ అంటే మా ఉస్తాద్ భార్య. "బిడ్డా, బర్నర్ ముట్టియ్యకు. ఇంటికి రా. మీ ఉస్తాద్ లేస్తలేడు," అంది. తాళం మళ్లీ వేసి నాచారం సందుల్లో గబగబా నడిచి వెళ్లాను. అప్పటికే మంచం చుట్టూ జనం. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. డెబ్భై దాటిన మనిషి. ముందురోజు సాయంత్రం దాకా నా పక్కనే కూర్చొని పని చేశారు.

ఉస్తాద్ గాజు పనివారు. మందుల ల్యాబులకు కావలసిన ఫ్లాస్కులు, కండెన్సర్లు చేసేవారు. మంట మీద గాజు గొట్టాన్ని తిప్పుతూ, రెండో కొస నోట్లో పెట్టుకొని ఊదడమే ఆ పని. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. ఊపిరి ఒక్క రవ్వ ఎక్కువైనా గాజు పోతుంది. డిప్లొమా తప్పి, ఉప్పల్‌లో మా నాన్నకు మొహం చూపించలేక తిరుగుతున్న నన్ను ఆయన పనిలో పెట్టుకున్నారు. ఆర్నెల్లు మంట లేకుండా ఉత్త గొట్టం తిప్పించారు.

నేను చేసిన మొదటి ఫ్లాస్కును నీళ్లలో ముంచితే బుడగలొచ్చాయి. గ్యాసు సరిగా రాలేదనీ, గొట్టం పాతదనీ ఏదో చెప్పబోయాను. "లీకైతే లీకైంది అను బిడ్డా. దానికో కథ చెప్పకు," అన్నారు.

అన్నానికి లేచేముందు, పొద్దుటి నుంచి చేసినవన్నీ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసుకునేవారు. నచ్చనిదాన్ని అక్కడే పగలగొట్టేవారు. ఆ చప్పుడంటే ఆయనకు ఇష్టమేమో అని నాకు అనుమానం.

ఆయన ఎవరినైనా క్షమించేసే మనిషని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నిజం కాదు. మా ఉస్తాద్ ఏదీ మరిచేవారు కాదు. నేనూ మరవను. అందుకే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఒక కళాకారుడు మా షెడ్డుకు వచ్చాడు. ఆయన పేరు రాయను, రాస్తే అదీ ఆయనకు ప్రచారమే. కాగితాల మీద పెన్సిలుతో గీసిన గుండ్రాలు తెచ్చాడు. అలాంటివి గాజులో ముప్ఫై ఒకటి కావాలన్నాడు. ఒక్కొక్కటి కొబ్బరికాయంత, పూరేకులా పలుచన, మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు. గుండ్రం గీయడం ఎవరికైనా వస్తుంది. దాన్ని అంత పలుచన గాజులో నిలబెట్టడానికి ఉస్తాద్‌కు ఎనిమిది నెలలు పట్టింది. కళాకారుడు వారానికోసారి వచ్చి, అమ్మ పంపిన టీ తాగి, "అద్భుతం మాస్టర్" అని ఫొటోలు తీసుకొని వెళ్లేవాడు. గొట్టం ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు.

ఆ గాజు గుండ్రాల ప్రదర్శన మొదటిరోజు ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకొని మెట్రోలో వెళ్లారు. లోపల గోడ మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: 'కళాకారుడి నిశ్వాసం ఇక్కడ పదార్థంగా పరిణమించి, శూన్యంతో తన సంభాషణను పారదర్శక సరిహద్దుల్లో వాయిదా వేస్తుంది.'

ఉస్తాద్ రెండుసార్లు చదివారు. "నిశ్వాసమంటే ఏంది బిడ్డా?"

"ఊపిరి బయటికి వదలడం, ఉస్తాద్."

"ఎవ్వలు ఇడిసిన్రు?"

గోడకు అట్టడుగున, వంగి చూస్తే తప్ప కనబడని చోట, 'తయారీ సహకారం: స్థానిక నైపుణ్యం' అని ఉంది. అది కూడా వంగి చదివారు. తిన్నగా కళాకారుడి దగ్గరికి వెళ్లారు. ఆయన చుట్టూ పదిమంది ఉన్నారు.

"సారు, ఊదింది నేను గద. గోడ మీద మీరని రాసిన్రు."

కళాకారుడు నవ్వి, ఉస్తాద్ భుజం మీద చెయ్యి వేసి, "మా టెక్నీషియన్. చాలా అమాయకుడు," అని వాళ్లకు చెప్పాడు. తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "చేయడం వేరు, సృష్టించడం వేరు మాస్టర్," అన్నాడు. ఆ పదిమందీ నవ్వారు. అమ్మ కూడా అక్కడే ఉంది.

హబ్సిగూడలో రైలు దిగాక ఉస్తాద్, "ఇది యాదికుంటది నాకు," అన్నారు.

ఏడాది తిరిగాక కళాకారుడు కారులో పరిగెత్తుకొచ్చాడు. ముప్ఫై ఒకటిలో ఒకటి పెట్టెలో పగిలిందట. కొన్నవాళ్లు సెట్టు మొత్తం కావాలంటున్నారట. ఉస్తాద్ ఎంతో మర్యాదగా లేచి, తన కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టారు. తన కళ్లద్దాలు ఆయనకు పెట్టారు. బర్నర్ ముట్టించి, గొట్టం చేతికిచ్చారు.

"ఊదున్రి సారు. గోడ మీద మీ ఊపిరనే రాసిన్రు గద. నేనూదితే తప్పయితది."

కళాకారుడు నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. కళాకారుడు ఊదాడు. గాజు ఒక పక్కకు వాలి, ఉబ్బి, ఉల్లిపొరలా చిట్లి షెడ్డంతా ఎగిరింది. "జర మెల్లగ సారు," అన్నారు ఉస్తాద్. నాలుగు రోజులు వచ్చాడు. నాలుగు రోజులూ ఉస్తాద్ పక్కనే నిలబడి, విసుక్కోకుండా, కొత్త గొట్టాలు అందిస్తూనే ఉన్నారు. ఐదోరోజు కళాకారుడు రాలేదు. చర్లపల్లి వెళ్లాడు, మౌలాలి వెళ్లాడు. ఈ పని తెలిసినవాళ్లు కొద్దిమందే, అందరూ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఉస్తాద్ కాళ్లు చాపుకొని, పెళ్లికి పిలిచినంత సంబరంగా ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం నేను చూశాను. ప్రతిచోటా కళాకారుడికి ఒకే జవాబు దొరికింది: "బర్నర్ ముట్టిస్తం సారు. ఊదుడు మాత్రం మీదే."

చివరికి నాకు ఫోన్ చేశాడు. చేసిపెడితే గోడ మీద నా పేరు వేస్తానన్నాడు. అబద్ధమెందుకు, ఒక పూటంతా ఆలోచించాను. ఉస్తాద్‌కు చెప్పాను. "చేస్తవా? చేతనైతది నీకు. నీ ఇష్టం," అని తన పనిలో పడ్డారు. నేను చేయలేదు.

తర్వాతి ప్రదర్శనలో ముప్ఫై ఒకటో పీట ఖాళీగా పెట్టి, 'లేమి కూడా ఒక రూపమే' అని రాశాడు. ఫోన్లో ఆ ఫొటో చూపిస్తే ఉస్తాద్ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "పలిగింది అంటే ఐపోతుండె గద!" అన్నారు.

మొన్న ఆదివారం ఆదరణ కూడిక జరిగింది. పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చిలో పెట్టే ప్రార్థన అది. గాజు పనివాళ్లంతా వచ్చారు. పిలవకుండానే కళాకారుడూ వచ్చాడు. రెండు మాటలు చెబుతానంటే పాస్టరుగారు మైకు ఇచ్చారు.

"ఈ అనామక శ్రామికుడి చేతుల్లో ఒక మౌన భాష..." అని మొదలుపెట్టాడు.

ముందు వరసలో అమ్మ లేచి నిలబడింది. "సారు, ఆయనకు పేరున్నది. పేరు చెప్పి మాట్లాడున్రి."

కళాకారుడు ఆగిపోయాడు. "మన మాస్టర్..." అన్నాడు.

"గది పేరు కాదు సారు. ఎనిమిది నెలలు మా ఇంటి చాయ్ తాగిన్రు."

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి సిగ్గుపడను. ఆయన వెనక ఉస్తాద్ ఫొటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. కళాకారుడు మైకు పట్టుకొని మెల్లగా మాకు వీపు తిప్పాడు. తలెత్తి, ఫ్లెక్సీ మీది పేరును ఇంటిపేరుతో సహా కూడబలుక్కుంటూ చదివాడు.

"కింద ఇంకోటి రాసున్నది సారు," అంది అమ్మ.

ఆయన మళ్లీ తలెత్తాడు. "గ్లాస్ బ్లోయర్," అని చదివాడు.

అప్పుడు అమ్మ కొంగు సర్దుకొని కూర్చుంది. పాస్టరుగారు వచ్చి మైకు అందుకునేదాకా ఆయన మా వైపు తిరగలేదు.