వాగుకు నీడ

కెనడాలో డిప్లొమా అయ్యాక నీడపట్టున కూర్చునే ఉద్యోగం వస్తుందనుకుంటే, నాకూ నా రూమ్మేట్‌కూ నీడను నాటే పని దొరికింది. ఆల్బర్టాలో కొండవాగు ఒడ్డున స్ప్రూస్ మొక్కలు నాటాలి. వాటి నీడలో నీళ్లు చల్లగా ఉంటేనే చేపలు బతుకుతాయి. ఇంతలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ రాకుండానే వాడి వర్క్ పర్మిట్ గడువు ముగియవచ్చింది. ఇక ఇండియా వెళ్లిపోవాలి.

చివరి రోజున వాడు ఆఖరి మొక్క నాటి, దోసిలితో వాగు నీళ్లు తెచ్చి పోశాడు. మంచు కరిగి నేలంతా బురదగా ఉంది.

"ఒరేయ్, అది ఇప్పటికే మునిగి ఉందిరా," అన్నాను.

"మొక్క నాటి నీళ్లు పోయకుండ ఎట్ల పోతర్రా? వాగు మీద దీని నీడ ఎప్పుడు పడ్తది?"

"మనం ముసలోళ్లమయ్యాక."

వాడు నవ్వలేదు. బూట్లు విప్పి, వాగులో కడిగి, నా ముందు పెట్టాడు. మా ఇద్దరిదీ ఒకే సైజు. సాక్సులతోనే వ్యాన్ దాకా నడిచాడు.