తీసేసిన రూటు

ఈ సాయంత్రం మా ఊరి కథోలిక బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. నిధులు చాలడం లేదని సముద్రం ఒడ్డు పల్లెలకు తిరిగే బడి బస్సును ఆపేశారు. ఆ కబురు చెప్పిన కమిటీ కార్యదర్శి ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాడు. రెండోసారి కూడా నా శ్రమ వృథా అయిందని ఈరోజు రూఢి అయింది.

"నాలుగు కిలోమీటర్లే కదమ్మా! నడిస్తే పిల్లలకు ఆరోగ్యం. ఏసుప్రభువు నడవలేదా?" అన్నాడు.

చేపలమ్ముకునే మరియమ్మ లేచింది. "నడిచినాడు సార్. ఆయన నీళ్ళ మీద గూడా నడిచినాడు. నా బిడ్డ రొయ్యల గుంట గట్టు మీద జారితే మునిగిపోతాది. బస్సు లేకుంటే బడి మాన్పించేస్తా."

ఫాదర్ గారు గొంతు సవరించుకుని, పిల్లల క్షేమం కోసం అందరిచేతా మంగళవార్త జపం చెప్పించారు. సమస్య అంతటితో తీరిపోయింది.

తర్వాత కమిటీ వారిని ఇళ్ళకు దింపడానికి అదే బస్సు వచ్చింది. మోకాళ్ళ నొప్పి కదా, నేనూ ఎక్కాను. గేటు దాటి నడిచిపోతున్న మరియమ్మను చూసి, ఆమెనూ ఎక్కించమన్నాను.

"ఆ రూటు తీసేసినాం గదా సార్!" అన్నాడు నా శిష్యుడు.

నేను దిగలేదు. మీరైతే దిగేవారా? మోకాళ్ళు బాగున్నవారు మాత్రమే జవాబు చెప్పండి.