బజ్జీల బండెక్కిన మా సంచిక

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే జారిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. వేడి ఇస్త్రీపెట్టెకూ కొత్త చెప్పులకూ నడుమ ఎక్కడో ఉండే వాసన. మొన్న ఆధార్ నకలు కోసం ఒక దుకాణంలో నిలబడితే అది ముక్కుకు తగిలింది, కాగితం చేతిలోకి వచ్చినా నేను అక్కడే ఉండిపోయాను. నా ఫోటో చూసుకుని బాధపడుతున్నాననుకున్నాడు దుకాణదారు. "అందరిది గట్లనే ఉంటది సార్," అని ఓదార్చాడు.

రెండువేల తొమ్మిదికీ పద్నాలుగుకూ మధ్య, ఎల్లారెడ్డిలో నేను చదువుకుంటున్నానని మా బాపు నమ్మిన ఏళ్లలో, నేను నిజానికి ఒక బొమ్మల కథల పత్రిక నడిపాను. గీసేది నేను, మాటలు రాసేది మా అక్క, ఎందుకంటే నా దస్తూరీ మరునాటికి నాకే అర్థమయ్యేది కాదు. మా కథానాయకుడు ఒక దున్నపోతు. రాత్రిపూట పొలాల్లో బోరు మోటార్లు ఎత్తుకుపోయే దొంగలను అది వాసన పట్టి పట్టుకునేది. వానలు పడుతుంటే ఇంటి ముందటి అరుగు మీద, నాట్లు వేసి వచ్చినవాళ్ల కాళ్ల బురద వాసన, లోపల పెనం మీద చిటపటలాడే మక్కపేలాల వాసన పీలుస్తూ, ఆ దున్నపోతు కొమ్ములు దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి. మా ఊళ్లో దొరికే స్టాప్లర్ ఏదీ పేజీ నడుమ దాకా అందేది కాదు. అందుకని అవ్వ, అంటే మా అమ్మ, వడ్ల బస్తాలు కుట్టే దబ్బనంతో మా పుస్తకాలు కుట్టేది. "గింత గట్టిగ కుట్టిన, ఇగ ఒక్క గింజ గూడ రాలది," అనేది.

ఊళ్లో జిరాక్స్ మిషన్ కూడా ఉండేది. కాకపోతే అది దున్నపోతును, దాని వెనక చీకటిని, ఆ చీకట్లోని దొంగను కలిపి ఒకే నల్లటి మరక చేసి ఇచ్చేది. కాబట్టి కామారెడ్డి పోవాల్సిందే. ఉద్యమం రోజులు. మరునాటి నుంచి బస్సులు బందు, ఎప్పుడు మొదలవుతాయో ఎవరికీ తెలియదు అన్నారు. ఆ పూటే వెళ్లకపోతే వానాకాలమంతా గీసిన సంచిక అరుగు మీదే ఉండిపోతుంది. అక్క తన ఇంటర్ రికార్డులు జిరాక్స్ తీయించాలని బాపుకు చెప్పి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

దుకాణంలో కాగితాలు ఇచ్చామో లేదో కరెంటు పోయింది. వచ్చినంక తీసిపెడతానన్నాడు దుకాణంలోని అన్న. మేం బజారంతా తిరిగి, కొనే ఉద్దేశం లేని వస్తువులన్నీ బేరమాడి వచ్చేసరికి ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మిషన్ మీద మాత్రం ఏమీ లేదు.

"అన్నా, మా కాయితాలేవి?"

"గా తెల్లరంగు పూసినయా? అతుకులేసి, బాణాలు గీసి... అవి రఫ్ గదమ్మా. మీరు ఫేర్ కాపీ తెస్తరనుకున్న."

"గదే ఫేర్ కాపీ అన్నా," అంది అక్క.

నా కళ మీద అంత నిజాయితీ గల సమీక్ష మళ్లీ రాలేదు. చెడిపోయిన కాగితాల కట్టతో పాటు మా సంచిక బస్టాండ్ ముందటి బజ్జీల బండికి వెళ్లిపోయిందని తేలింది. మా పేజీలకు వేరే నకలు లేదు.

పరిగెత్తాం. సన్నటి వాన, శనగపిండి, వాము వాసన, బండి చుట్టూ మూగిన జనం. బజ్జీలమ్మే ముసలమ్మ ఒక్కో కాగితం లాగి, వేడి బజ్జీలు పెట్టి చేతుల్లో పెడుతోంది. జనం తింటూ చదువుతున్నారు. "గీ బర్రె తర్వాత ఏం జేస్తదిరా?" అని ఒకాయన పక్కాయన కాగితంలోకి తొంగి చూస్తున్నాడు. ఏ రచయితకైనా కడుపు నిండే దృశ్యం. ఒక్కొక్కరి బజ్జీలు అయ్యేదాకా నిలబడి, ఉల్లిగడ్డ ముక్కలు దులిపి, కాగితాలు అడిగి తీసుకున్నాం.

"ఏంది పిలగా, తినంగ తినంగ గుంజుతవ్? ఆకలైతే నన్నడుగు," అంది ముసలమ్మ.

నూనె పడి కొన్ని పేజీలు అద్దాల్లా అయిపోయాయి. అక్క చున్నీతో అద్ది వరుసలో పెట్టి చూసింది. అన్నీ ఉన్నాయి, చివరిది తప్ప. దొంగ దొరికే పేజీ అది. అందులో దొంగ ముఖం నేను అప్పటిదాకా గీసిన వాటన్నిటిలోకీ మంచిది.

"గాంధారి బస్సుల గూసున్నడు సూడు, ఆయినెకిచ్చిన," అంది ముసలమ్మ.

బస్సు ఇంజన్ అప్పటికే మోగుతోంది. కిటికీ దగ్గర తలకు తువ్వాల చుట్టుకున్న ఒక రైతు, ఒళ్లో మా పేజీ.

"కాకా, అది మాది!"

"ఏది, బజ్జీనా?"

"కాయితం!"

ఆయన దాన్ని ఒకసారి చూసి, నన్ను చూశాడు. "నువ్వు గీసినవా? ఈడే దొంగని నాకు ముందే ఎర్క," అన్నాడు. చదివింది ఆ ఒక్క పేజీనే. "మా బిడ్డకు సూపియ్యాల్ననుకున్న. మా మోటర్ ఎత్కపోయినకాన్నించి రోజు అడుగుతది, దొంగ దొరికిండా బాపూ అని." అంటూనే మడత సాపు చేసి కిటికీలోంచి చాచాడు.

ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. బస్సు కదిలింది. పక్కనే నడుస్తున్నాను, తరువాత ఉరుకుతున్నాను. ఇంకోసారి అడిగితే ఆయన వదిలేవాడే. గట్టిగా గుంజితే నూనెకు నానిన కాగితం చిరుగుతుంది, గుంజకపోతే పోతుంది.

"ఉండనియ్ తమ్మీ," అని వెనక నుంచి అక్క అరిచింది. "నువ్వు మల్ల గీస్తవ్!"

వదిలాను. మిగిలిన పేజీలతో మళ్లీ జిరాక్స్ దుకాణానికి ఉరికాం.

దుకాణం షట్టర్ సగం దించి ఉంది, అక్క గుమ్మంలో నిలబడి మా ఊరి చివరి బస్సు కోసం రోడ్డు చూస్తోంది. కౌంటర్ మీద వంగి చివరి పేజీ మళ్లీ గీశాను. అన్నీ వచ్చాయి, దొంగ ముఖం తప్ప. ఎన్నిసార్లు గీసినా ఎవరో చుట్టంలా నవ్వుతున్నాడు. "బస్సొస్తుంది!" అని అక్క కేక వేయగానే ఆ ముఖం మీద ఒక తువ్వాల గీసి కప్పేసి కాగితం మిషన్ మీద పెట్టాను. అన్న పైసలు అడగకుండానే నకళ్లు తీసి ఇచ్చాడు.

ఆ సంచిక చదివి మా బడి రెండు వర్గాలైంది. దొంగ సర్పంచ్ బామ్మర్ది అని కొందరు, కాదు లైన్‌మన్ అని కొందరు. దాన్ని సస్పెన్స్ అన్నారు. నేను కాదనలేదు.

ఇప్పటికీ నా పుస్తకాలు నేనే అచ్చు వేసుకుంటాను. డిజిటల్ పలక మీద గీస్తాను, గీసింది గీసినట్టు నాలుగు చోట్ల భద్రంగా ఉంటుంది, దేని వెంటా ఉరకనక్కర్లేదు. కామారెడ్డిలో ఆ దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బజ్జీలు మెరిసే ప్లేట్లలో వస్తున్నాయి, వాటిని నాకినా చదవడానికి ఏమీ ఉండదు. తువ్వాల కింద ఎవరున్నారని పాత స్నేహితులు ఇంకా అడుగుతారు. ఎవరో చుట్టంలా నవ్వుతున్నాడని చెప్పినా నమ్మరు. మా పాఠకులందరిలో దొంగ దొరికింది గాంధారి దిక్కు ఆ రైతు బిడ్డ ఒక్కదానికే.