మాస్టారు కోయనివ్వని నాలుగు నిమిషాలు

మా ఎడిటర్ మాస్టారు పోయారని ఢిల్లీ ద్వారక నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "పాపా నహీ రహే, అక్కా" అంది. ఏడుపు వచ్చింది, వెంటనే గర్వమూ వచ్చింది. అలాంటి మనిషి నా పక్కన నిలబడ్డారు మరి.

నా మొదటి సినిమా ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఓ తెలుగు జవాను భార్య కథ. చివర్లో ఆమె, సరిహద్దుకు వెళ్ళిన భర్త బట్టలు మడతపెడుతుంది. మాటా లేదు, పాటా లేదు, నాలుగు నిమిషాలు. డబ్బు పెట్టిన కంపెనీ, అది తీసేసి భర్త తిరిగొచ్చినట్టు పాట పెట్టమంది. లేకపోతే సినిమా విడుదలే చెయ్యం అంది. నేను సినిమా తీసిందే ఆ నాలుగు నిమిషాల కోసం.

"వాళ్ళ ముగింపును చెత్తగా కోసి చూపిద్దాం మాస్టారూ, బుద్ధొస్తుంది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "తప్పమ్మాయ్. వాళ్ళదీ మనసుపెట్టే కోస్తాను. దొంగ తూకంతో గెలిస్తే అదేం గెలుపు?"

వారం కూర్చుని, సెలవులో ఇంటికొచ్చిన భర్త దృశ్యాలతో ఆ పాటను ఎంత అందంగా అతికించారంటే నాకు గుండె జారింది. ఈయన ఎవరి పక్షమని ఉడుక్కుని రెండు రోజులు మాట్లాడలేదు. పట్టించుకుంటేనా! వేళకు నా టీ నాకు పంపుతూనే ఉన్నారు.

ఆయన వాదించే రకం కాదు, వేసి చూపించే రకం. కంటోన్మెంట్ నుంచి జవాన్ల భార్యలను పిలిచి, కంపెనీ పెద్దమనిషి ఎదుటే రెండు ముగింపులూ వేశారు. పాటకు అందరూ చప్పట్లు కొట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను.

రెండోది అయ్యాక ఎవరూ కదల్లేదు. చివరికి ఓ శ్రీకాకుళం ఆవిడ లేచింది. "ముందుది బాగుంది బాబూ, సినిమాలాగుంది. ఇది మా ఇల్లు" అంది.

పెద్దమనిషి ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకున్నాడు. "ఠీక్ హై. ఇసే కోయీ హాథ్ నహీ లగాయేగా" అన్నాడు. దాన్నెవరూ ముట్టుకోకూడదట! నేను కుర్చీ ఎక్కి గెంతాను. "దిగమ్మా, ఇంకా సౌండ్ పని ఉంది" అన్నారు మాస్టారు.

విడుదల రోజు హాలు నిండిపోయింది. ఆ నాలుగు నిమిషాలు మొదలవగానే చీకట్లో ఆయన కోసం వెతికాను. మొదటి వరుస ముందు, తెరకు వీపు పెట్టి నిలబడి, జనం ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నవ్వుకుంటున్నారు.