సెయ్యా వదిన ట్రౌట్ చేపలు

మా ఊరు కైస్లకోస్కిలో సెయ్యా కార్నాతో వాదించి గెలిచినవాళ్లు ఎవరూ లేరు. గెలిచామనుకుని ఇంటికెళ్లినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు ఆవిడ సైకిలు ఆగేది. "నిన్న నువ్వన్న మాట రాత్రంతా ఆలోచించాను. అది తప్పు" అంటూ నిలబడే మొదలుపెట్టేది. పాపం, ఆ మనిషి ఇంకా పళ్లు కూడా తోముకుని ఉండడు.

ఆవిడ భర్త తౌనో రంపపు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బుతో ఏటి ఒడ్డున నాలుగు కాటేజీలు కట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు. కాటేజీలు మిగిలాయి, సెయ్యా మిగిలింది, వచ్చే మనుషులే లేరు. మిల్లు కోసం కట్టిన ఆనకట్ట తీసేశాక ఏరు మళ్లీ రాళ్ల మీద ఉరుకుతోంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? దారినపోయేవాళ్లు కారు ఆపేవారు, ఫొటో తీసుకునేవారు, టాయిలెట్ ఎక్కడని అడిగి వెళ్లిపోయేవారు.

ఒకప్పుడు ఆ ఏటికి ట్రౌట్ చేపలు ఎక్కేవి. ఏట్లో పుట్టి, పెద్ద సరస్సులోకి దిగి, అక్కడ బలిసి, గుడ్లు పెట్టడానికి తిరిగి ఏటికే వచ్చేవి. ఆనకట్ట వాటి దారి మూసేసి అరవై ఏళ్లయింది. దారి తెరిచాక కూడా రాలేదు. వచ్చే చేప మిగిలుంటేగా? సెయ్యా బుర్రలో అప్పుడు పడింది ఆ పురుగు: చేపపిల్లల్ని కొని ఏట్లో వదలాలి.

ఆ నీటి మీద హక్కున్న ఊరివాళ్లందరికీ ఒక సంఘం ఉంది. ఏటా నవంబరు మొదటి ఆదివారం సమావేశం. సెయ్యా అక్కడ లేచి నిలబడింది.

"ట్రౌట్ కిలో ఎంతకి అమ్ముతారు? పన్నెండు యూరోలు, పదమూడు. ఒకసారి వండుకు తింటే అయిపోయింది. అదే చేప ఏట్లో ఉందనుకోండి. హెల్సింకీ నుంచి ఒకడొస్తాడు. చేపలు పట్టే పర్మిట్ కొంటాడు. రెండు రాత్రులు పడుకుంటాడు. మన కొట్లో సాసేజీలు కొంటాడు, వానకి తడిసి కొత్త సాక్సులు కొంటాడు. చేప పడదు. పడలేదు కాబట్టి మళ్లీ వస్తాడు."

వెనక బెంచీలోంచి రెయ్యో నవ్వాడు. రెయ్యో తౌనో తమ్ముడు, సెయ్యాకి మరిది. సరస్సులో వలలు వేసి బతికేవాడు.

"అంటే వదినా, మనం చేపల్ని అమ్మట్లేదు. ఆశని అమ్ముతున్నాం."

"ఆశకి ఐసు పెట్టక్కర్లేదు రెయ్యో. నీ చేపలకి పెట్టాలి."

సభ గొల్లుమంది. తీర్మానం గట్టెక్కింది.

ఇక్కడే మావాళ్లు ఒక ఘనకార్యం చేశారు. మే నెలలో చేపపిల్లల లారీ వచ్చింది. మంచు కరిగి ఏటి దాకా వెళ్లే దారంతా మోకాలి లోతు బురద. సరస్సు ఒడ్డున పడవల రేవు దగ్గరేమో బల్లలు వేసి, కాఫీ కాచి, యాలకుల బన్నులు సర్ది ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు ఉపన్యాసం కూడా రాసుకొచ్చాడు. కాఫీ చల్లారిపోతుందని పిల్లలన్నిటినీ ఆ రేవులోనే వదిలేశారు. సెయ్యా కూడా చప్పట్లు కొట్టింది. నీళ్లు నీళ్లేగా అనుకున్నారందరూ.

ట్రౌట్‌కి నీళ్లన్నీ ఒకటి కాదు. చిన్నప్పుడు ఏ నీటి రుచి మరిగితే పెద్దయ్యాక ఆ నీటికే తిరిగి వస్తుంది. ఇవి మరిగింది రేవునే. మూడేళ్లు రేవు చుట్టూ తిరిగి రెయ్యో వలల్లో పడ్డాయి. గుర్తు కోసం, పెంచి వదిలే చేపపిల్లలకి తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరిస్తారు. రెక్క లేని ప్రతి చేపనీ రెయ్యో పైకెత్తి చూపించేవాడు.

"వదినా, నీ చుట్టాలు మళ్లీ మా ఇంటికే వచ్చారు. దారి చెప్పి పంపలేదా?"

ఒకరోజు ఆ మాట పడి సెయ్యా ఇంటికెళ్లి బాగా ఏడ్చింది. తరవాత బస్సెక్కి, చేపపిల్లల్ని పెంచి అమ్మే కేంద్రానికి వెళ్లి, అక్కడి పెద్దమనిషి చేత చీవాట్లు తిని, చేయాల్సింది నేర్చుకుని వచ్చింది. రెండోసారి కొన్న పిల్లల్ని ఏట్లోనే, వలతో కట్టిన దొడ్డిలో రెండు వారాలు ఉంచారు. ఆ రెండు వారాలూ సెయ్యా మడత కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది, నీటికాకులు వస్తే చీపురుతో అదిలిస్తూ. దొడ్డి తెరిచిన రోజు అవి సరస్సు వైపు దిగిపోతుంటే, అత్తారింటికి పంపిస్తున్నట్టు ముక్కు చీదుకుంది.

ట్రౌట్ గుడ్లు పెట్టడానికి ఏరెక్కేది అక్టోబరులో. మొదటి అక్టోబరు, రెండో అక్టోబరు ఏటి మీది వంతెన మీద నిలబడి సెయ్యా కళ్లు కాయలు కాచాయి. ఒక్క చేపా లేదు. సమావేశంలో సంఘం తేల్చి చెప్పేసింది: వచ్చే అక్టోబరు కూడా చూస్తాం, రాకపోతే ఇక ఒక్క సెంటు ఇవ్వం. అంటే సెయ్యా కాటేజీలకి తాళాలే. ఊళ్లో మిగిలిన ఒక్క కొట్టు కూడా ఆ తరవాత ఎక్కువ కాలం ఉండదని అందరికీ తెలుసు.

ఎందుకు రావట్లేదో కనుక్కుందామని కేంద్రం పెద్దమనిషికి ఫోన్ చేసింది. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఏరు సరస్సులో కలిసేచోట వలలు ఉన్నాయా అమ్మా?"

ఉన్నాయి. అక్టోబరులో సీకా అనే తెల్లచేపల కోసం సరిగ్గా ఆ ఏటి మూతి దగ్గరే రెయ్యో వలలు వేస్తాడు. ఏరెక్కబోయే ట్రౌట్‌కి వాటిని తప్పించుకునే దారి లేదు. ఆ చోటు అతని తండ్రిది, ఆయన తండ్రిది. కైస్లకోస్కిలో మనిషి మతం గురించి అడగొచ్చు, మందు గురించి అడగొచ్చు, తండ్రి ఇచ్చిన వల చోటు వదులుకోమని మాత్రం అడగరు. పైగా రెయ్యోకి ఏడాది మొత్తంలో నాలుగు రాళ్లు కనిపించేది ఆ నెలలోనే.

అయినా సంఘం ఇచ్చిన ఆ ఆఖరి అక్టోబరు మొదట్లో సైకిలెక్కి రెయ్యో ఇంటికి వెళ్లింది. కాఫీ తాగింది. మరో కప్పు తాగింది. మంచు ఈసారి తొందరగా పడేలా ఉందంది. గాలి ఉత్తరం నుంచి వీస్తోందంది.

"వదినా, ఇంత దూరం వాతావరణం చెప్పడానికొచ్చావా?"

"మరి? నీ కిటికీలు తుడిచి ఎన్నాళ్లయిందో. బయట ఏముందో నీకెలా తెలుస్తుంది?"

వలల మాట ఎత్తలేదు. ఊరందరినీ గడగడలాడించే మనిషి, సొంత మరిదిని ఆ ఒక్కటీ అడగలేక తిరిగొచ్చేసింది. నాకైతే ఆవిడ మీద ఆ రోజు పుట్టినంత ప్రేమ ఇంకెప్పుడూ పుట్టలేదు.

రెండు వారాల తరవాత ఒక మధ్యాహ్నం వంతెన కింద గులకరాళ్ల మీద ఏదో కదిలింది. కొయ్యదుంగ అనుకుంది. దుంగ పక్కకి తిరిగి తోకతో రాళ్లు చిమ్మింది. దాని వెనక ఇంకొకటి. సెయ్యా రెయిలింగు పట్టుకుని ఏడు లెక్కపెట్టింది. రెండిటికి తోక దగ్గరి రెక్క లేకపోవడం స్పష్టంగా కనిపించింది. చెప్పుకోవడానికి మొదట గుర్తొచ్చింది ఎప్పుడూ దెప్పే ఆ మరిదే. ఉన్న పళంగా సైకిలెక్కింది.

రెయ్యో పడవల కొట్టంలో ఉన్నాడు. వలలు గోడకి వేలాడుతున్నాయి, ఎండి, ముడతలు పడి. సీకా చేపలు జోరుగా పడే వారం అది.

"వలలు ఇక్కడున్నాయేంటి?"

"చిరిగాయి. బాగుచేస్తున్నా."

సెయ్యా ఒక్కో వలనీ చేత్తో తడిమి చూసింది. ఎక్కడా ఒక్క కన్ను తెగలేదు.

"ఎప్పుడు చిరిగాయి?"

"నువ్వొచ్చి గాలి సంగతి చెప్పిన మర్నాడు" అన్నాడు రెయ్యో, తలెత్తకుండా. "చేపలొచ్చాయా?"

"ఏడు."

"ఏడేనా? నెల కూలికి ఏడు!" అని గొణిగాడు గానీ, మొహం విచ్చుకుంది.

నవంబరు సమావేశానికి సెయ్యా నాలుగు పేజీలు రాసుకెళ్లింది. ఇక ఎన్ని పర్మిట్లు అమ్ముడవుతాయి, ఎన్ని రాత్రులు, కొట్టుకి ఎంత, పెట్రోలుకి ఎంత. మొదటి పేజీ చదివి ఆగింది.

"ఈ ఏడు చేపల కోసం అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ లెక్క ఇందులో లేదు. రాసుకోండి."

"వలలు చిరిగాయని చెప్పాగా" అన్నాడు రెయ్యో.

అని ఊరుకోలేదు. టోపీ చేతిలో నలుపుతూ లేచాడు. ముప్పై ఏళ్లలో అతను సమావేశంలో నిలబడి మాట్లాడ్డం అదే మొదలు.

"పిల్లల్ని కొనండి. కానీ ఒకటి కలపండి. ఇక మీదట అక్టోబరు నెలంతా ఏటి మూతి దగ్గర ఎవరూ వల వెయ్యకూడదు. అక్కడ మొదట వదులుకునే చోటు మా నాన్నది. అది కూడా రాసుకోండి."

కాదన్న చెయ్యి ఒక్కటీ లేవలేదు. బయటికొచ్చాక సెయ్యా మంచులో జారకుండా మరిది చెయ్యి పట్టుకుంది.

"ఏడాదికొక నెల సంపాదన పోతుంది నీకు."

"పోనీలే వదినా. అన్నయ్య ఉంటే నువ్వు వచ్చి గాలి సంగతి చెప్పేదాకా ఆగేవాడు కాదు, మొదటి ఏడాదే వలలు తీసేసేవాడు. నాకే మూడేళ్లు పట్టింది."