బంతిని చంకనెత్తుకున్న పిల్ల

మా ఆయన పోయాక నిమ్‌పురా రైల్వే షెడ్డులో నాకు పని ఇచ్చారు. ఇంజన్ల కింది గుంటలోంచి బూడిద తట్టలు, వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి పైకి అందించే పని. నేనూ మా అమ్మాయీ బావగారి క్వార్టర్లోనే ఉండేవాళ్ళం.

అమ్మాయికి పదమూడేళ్ళప్పుడు రైల్వే మైదానంలో ఆడపిల్లలకి నెట్‌బాల్ క్లబ్బు పెట్టారు. అందులో చేరే కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వేలిముద్ర వేసే ముందు బావగారిని అడగాలి. ఆయన తమ్ముడి పెళ్ళాంతో నేరుగా మాట్లాడరు. నాకు చెప్పవలసినదంతా మా అమ్మాయికి చెబుతారు, నేను తలుపు వెనక నిలబడి వింటాను.

"ఒలే గుంటా, మీ అమ్మకి సెప్పు. కొత్తోళ్ళని నెల్లాళ్ళు సూస్తారంట కదా. ఉంచుకుంటే ఆడు. ఎనక్కి పంపినారా, మరి ఇస్కూలు నుంచి తిన్నగా ఇంటికే. మైదానం మాట మళ్ళీ ఎత్తకూడదు."

"ఇన్నావా అమ్మా," అంది అది తలుపు వైపు తిరిగి.

వేలిముద్ర వేశాను.

మూడు వారాలైనా దానికి ఆట పట్టుబడలేదు. ఆ ఆటలో బంతి చేతికొచ్చాక నడవకూడదు, నిలబడిన చోటు నుంచే ఇంకొకరికి విసరాలి. ఇది నడిచేది. ఆట నేర్పే మేడమ్ ఈల వేసి బంతిని అవతలి జట్టుకి ఇచ్చేసేది. ఇంకొక్క వారం చూస్తానని చెప్పి పంపిందట.

ఆదివారం నాకు సెలవు. వెళ్ళి గట్టు మీద కూర్చుని చూశాను. బంతి అందగానే చంకకి చేర్చి నాలుగడుగులు వేసేస్తోంది. మా ఇంటికి నీళ్ళు తెచ్చేది అదే. మా క్వార్టర్ల లైనంతటికీ పంపు ఒక్కటే. బిందె నిండిందంటే చంకనెత్తుకుని ఆ క్షణమే కదలాలి, లేకపోతే వెనకవాళ్ళు తిడతారు. ఏడేళ్ళప్పటి నుంచీ దానికదే అలవాటు.

ఇంటికొచ్చి, షెడ్డులో నాతో పనిచేసే పక్కింటి వదినను పిలిచాను. క్వార్టర్ వెనక ముగ్గురం వరసగా నిలబడ్డాం, మధ్యలో అమ్మాయి. తట్ట నిండా పొయ్యి బూడిద పోశాను.

"కాళ్ళు పాతీసుకో. నడుం తిప్పు, సేతులు సాపు. అడుగేసినావంటే బూడిద నెత్తి మీదే," అన్నాను.

"బంతి ఇంత బరువుండదే అమ్మా."

"మరీ మంచిది," అంది వదిన. "మేం ఇన్నేళ్ళ బట్టీ ఈ ఆటే ఆడతన్నాం. మాకెవులూ ఈల ఎయ్యలేదు."

మొదటి రోజు రెండుసార్లు ఒలకబోసుకుంది. నాలుగో రోజుకి కాళ్ళు నిలిచాయి.

శనివారం షెడ్డు నుంచి తిన్నగా మైదానానికి వెళ్ళాను. మా పిల్ల మీద ఈల ఒక్కసారే పడింది. ఆటయ్యాక మేడమ్ ఇంకో కాగితం తెచ్చింది, క్లబ్బులో ఉంచుకుంటున్నట్టు. చేతులు కొంగుకి తుడుచుకుని వేలిముద్ర వేశాను.

ఆ పూట బావగారు అన్నం ముందు కూర్చుని, "ఒలే, ఏటయింది? ఉంచినారా, పంపినారా? మీ అమ్మనడుగు," అన్నారు.

"ఉంచినారు పెదనాన్నా."

"నిన్ను కాదే, మీ అమ్మనడగమన్నాను."

"ఉంచినారు," అన్నాను తలుపు వెనక నుంచి.

"మజ్జిగ పొయ్యి," అన్నారాయన దానితో.

మర్నాడు పొద్దున్న వదిన వచ్చి గొడవ పెట్టుకుంది. పంపు దగ్గర తన ముందున్న మా పిల్ల, నిండిన బిందె ఎత్తుకుని కూడా అడుగెయ్యకుండా నిలబడిపోయిందట.